తలుపులమ్మ గుప్పిట

"బెల్లం లారీ రోడ్డుకి అడ్డం పడిపోనాదండి. అందుకే లేటయిపోనాది," అన్నాడు చంటిబాబు, గుమ్మంలో నిలబడి.

"నేనూ ఆ రోడ్డు మీదే వచ్చాను. లారీ కాదు కదా, తోపుడుబండి కూడా లేదు," అంది సత్యవేణి టీచరు. "అబద్ధమాడినా అతికినట్టుండాలి నాయనా. వచ్చి చీటీ తియ్యి."

పదో తరగతి పకపకా నవ్వింది. కిటికీ వరసలో చివర కూర్చున్న తలుపులమ్మ మాత్రం నవ్వలేదు. టీచరు తుమ్మినా నోటుబుక్కులో రాసుకునే పిల్ల, ఈ మాటా రాసుకుంది.

సత్యవేణికి నవ్వే తీరిక లేదు. గది వెనకాల కుర్చీలో హెడ్మాస్టరు జగదీశ్వరరావు గారు టైంటేబుల్ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన లెక్కల మనిషి. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఆమె ఆడించే చీటీలాట ఆయనకు మొదటినుంచీ గిట్టదు.

ఆటలో పెద్ద బ్రహ్మవిద్యేం లేదు. సాహిత్య ప్రక్రియల పేర్లు, పాతవీ కొత్తవీ, చీటీల మీద రాసి ఉంటాయి. ఎవరికేది వస్తే వాళ్ళు పేరు చెప్పకుండా అది చేసి వినిపించాలి. మిగతావాళ్ళు పోల్చుకోవాలి. వారానికో వరస, ఎనిమిది మంది.

"సత్యవేణిగారూ, మాటంటే మాటే," అన్నారు హెడ్మాస్టరు. "ఈ వరసలో ఎనిమిది మందీ చేసి చూపిస్తే పీరియడ్ మీది. ఒక్కరు తగ్గినా సోమవారం నుంచి లెక్కలకిచ్చేస్తాను. ముందర పబ్లిక్ పరీక్షలున్నాయి."

ఆ ఒక్కరూ ఎవరో సత్యవేణికి తెలుసు. తలుపులమ్మ రాంబిల్లి దగ్గర రేవు పిల్ల. తండ్రి పోలిరాజు చేపల వేటకు వెళ్తాడు. ఈ పిల్ల అనకాపల్లిలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. చేరిన కొత్తలో "నేను"కి "నాను" అన్నందుకు క్లాసంతా నవ్వింది. అంతే, ఆ నోరు మళ్ళీ తెరుచుకోలేదు. ఇప్పుడు కూడా చీటీ తీసి, చదివి, గుప్పిట్లో బిగించేసుకుంది.

చంటిబాబు మొదలెట్టాడు. "సేలో కర్ర, పొయ్యి మీద నీళ్ళు, సంతలో రాయి. ఏటది?"

"బెల్లం!" అని అరిచింది క్లాసు.

"నేనడిగింది ప్రక్రియ పేరర్రా."

"పొడుపు కథండి."

లోవలక్ష్మి రెండు చెక్క స్కేళ్ళు చిడతల్లా వాయిస్తూ వచ్చి, "శ్రీమద్రమారమణ గోవిందో" అంది. అందరికంటే ముందు "హరి" అన్నది హెడ్మాస్టరు గారే. అనేసి, ఎవరన్నారో అన్నట్టు వెనక్కి తిరిగి గోడవైపు చూశారు. హరికథ పేరు చెప్పడానికి పిల్లలకి నవ్వాగలేదు.

పరదేశి వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకుంటూ చదివాడు:

"మా అమ్మ చేతికి
గడియారం లేదు
మా ఆకలే
ఆవిడకి టైము."

"నానీ కవిత," అన్నారు పిల్లలు, నెమ్మదిగా. సత్యవేణికి ఒళ్ళు పులకరించింది. ఈ గంట కోసమే కదా తను వారమంతా వ్యాకరణం చెప్పేది.

ద్విపదా, లేఖా, ఏకపాత్రాభినయం, వచన కవితా అయ్యాయి. ఏడుగురు. అందరూ కిటికీ వరస చివరికి చూశారు.

తలుపులమ్మ లేచి నిలబడింది. గుప్పిట అలాగే ఉంది. హెడ్మాస్టరు జేబులోంచి పెన్ను తీశారు.

"చెప్పమ్మా," అంది సత్యవేణి. "నీకొచ్చినట్టే చెప్పు."

"నాను ఎల్లిపోతన్నానండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఎక్కడికే?"

"గుజరాతండి. ఈరావల్ రేవు. మా నాన్నకి అక్కడ బోటు మీద పని దొరికినాది. అమ్మా, నానూ, తమ్ముడూ అందరం ఎల్లిపోతన్నాం. ఈ రేతిరికే రైలు."

సత్యవేణి చేతిలో సుద్దముక్క విరిగింది. "మీ అత్త నాతో ఒక్క ముక్కా అనలేదేం?"

"మీరు బాధపడతారని సెప్పొద్దన్నాదండి."

"పదో తరగతి మధ్యలో ఏటమ్మా ఇది?" అన్నారు హెడ్మాస్టరు, లేచి ముందుకొస్తూ. "అక్కడ బళ్ళో చేరుస్తారా?"

"సేరుత్తారంటండి. లెక్కలికి బెంగ నేదండి. ఎక్కడయినా రెండూ రెండూ నాలుగే కదా. తెలుగే ఉండదంట." తలుపులమ్మ తల వంచుకుంది. "శుక్రవారం వత్తాది, ఆఖరి గంట కొడతారు. నాకు తెలిసిన పొడుపు కథలు అక్కడ ఎవులికి సెప్పాలండి?"

చంటిబాబు లేచాడు. "అప్పుడు నవ్వినందుకు ఏటీ అనుకోకు," అని గొణిగాడు. లోవలక్ష్మి ముక్కు ఎగబీల్చింది. సత్యవేణి దాచుకోలేదు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మీ నాన్నతో నేను మాట్లాడతాను. పరీక్షలయ్యేదాకా నిన్నిక్కడే ఉంచమంటాను. ఇంకో మాట. నేనున్నన్నాళ్ళూ ఈ స్కూల్లో శుక్రవారం తెలుగు పీరియడ్ జోలికి ఎవరూ రారు." టైంటేబుల్ కాగితం నిలువునా చింపి కిటికీలోంచి పారేశారు.

"రైలెన్నింటికమ్మా?" అడిగింది సత్యవేణి.

తలుపులమ్మ బల్ల దగ్గరకొచ్చి, ఇందాకటి నుంచీ బిగించి ఉంచిన గుప్పిట విప్పి, చెమటకి తడిసిన చీటీ టీచరు ముందు పెట్టింది.

దాని మీద సత్యవేణి దస్తూరీలోనే ఉంది: "కొసమెరుపు కథ."