వాడిన బంతిపూలు

"ఏయ్! నా తోటేమన్నా చెత్తకుప్పనా?"

లలితమ్మ చీపురు విసిరికొట్టింది.

నిమ్మచెట్టు కింద వంగి ఉన్న నాగమణమ్మ లేచి నిలబడింది. కొంగులో వాడిన బంతిపూలు, గుప్పెడు ధనియాలు.

ప్రతి శుక్రవారం కిషన్‌బాగ్‌కు వచ్చి ఈ తోటలో నిమ్మకాయలు కొనుక్కుపోతుంది. మిరపకాయలతో కలిపి గుచ్చి, శనివారం పొద్దున్నే దుకాణాలకు దిష్టిదండలు కడుతుంది. లలితమ్మకు ఆమె గురించి తెలిసింది అంతే.

"చెట్ల నడుమ మొలిచిన ఈ బంతి, ఆవ, సోంపు... అన్నీ నీ పనేనా?"

"అవు బిడ్డా. పూలుంటే అక్షింతల పురుగులొస్తయ్. చిగుళ్ల రసం పీల్చే పేనుబంకను అవే తింటయ్. మందు కొట్టే పనుండదు."

"కాయలు కొననీకొచ్చి నాకు ఎవుసం నేర్పుతవా?"

నిన్ననే ఆడబిడ్డ వచ్చి, "వదినా, ఇది తోటనా, అడివా?" అని నవ్వి పోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"మల్ల ఈ గేటు తొక్కకు!"

"నేను రాను గనీ, మొక్కలు పీకకు తల్లీ."

సాయంత్రానికల్లా లలితమ్మ అన్నీ పీకేసింది. వాకిలి ఊడ్చినట్టు నేలంతా ఊడ్చింది. తోట అద్దంలా మెరిసింది.

నెల తిరగకుండానే చిగుళ్లు ముడుచుకున్నాయి. ఆకుల కింద పేనుబంక.

మొఘల్‌పురా పచ్చళ్ల వ్యాపారి లూనా దిగి, ఒక్క ఆకు తిప్పి చూశాడు.

"నక్కో అమ్మా! జిగురు పట్టిన కాయలు నాకొద్దు. మందు గొట్టినా వద్దు."

ఏడాది కాపంతా కొనేది అతనొక్కడే.

భర్త ఓదెలు మందు పంపు కిరాయికి తెచ్చాడు.

"ఉన్న చెట్లన్నా దక్కాలె. రేపు కొడుత."

"ఒక్క దినం ఆగు. ఆ ముసలామెను అడిగొస్త."

దండలు కట్టించుకునే దుకాణాల్లో అడిగి, ఉప్పుగూడలో నాగమణమ్మ ఇల్లు వెతికి పట్టుకునేసరికి గుమ్మంలో కోడలు రాజమణి ఉంది.

"అత్త పోయి పన్నెండు దినాలాయె. నువ్వు లలితమ్మవేనా?"

లోపలికెళ్లి చిన్న మూట తెచ్చి ఆమె చేతిలో విసురుగా పెట్టింది.

"మంచంల పడ్డంక గూడ నీ తోటకే ఇత్తులు ఏరింది. తరిమినవంట గదా? దండలు గుచ్చేటామెకు ఏం తెలుస్తదనుకున్నవా?"

లలితమ్మ మూట విప్పింది; లోపల వాడిన బంతిపూలు, ధనియాలు.

"మా తోట మీదనే ఎందుకమ్మా అంత పాణం?"

రాజమణి గోడ మీది ఫోటో చూపించింది. ఫోటోలో ఓ మనిషి. వీపున మందు పంపు, వెనక లలితమ్మ తోటలోని బావి.

"మా మామ ఎల్లప్ప, నీకంటె ముందటి మాలిక్ దగ్గర తోటమాలి. ముక్కుకు గుడ్డ గూడ ఇయ్యకుండ మందు కొట్టిస్తే, నీ చెట్ల నడుమనే పడి పాణమిడిసిండు."