పాతర జొన్నలు

“పాతరలో పూడ్చిన జొన్నలు మనుషులు తింటారా? గొడ్లు గూడా మూతి తిప్పుకుంటాయి!”

రేషన్ స్టోరు ముందు నిలబడి ఓబన్న అరిచిన అరుపుకు ఎదురింటి కోళ్లు బెదిరి గోడెక్కాయి. అరుగు మీద జొన్న మూటల పక్కన కూర్చున్న నాగలక్ష్మమ్మ తల వంచుకుంది. పరాయివాడైతే నాలుగు మాటలతో కడిగేసేదే. అరుస్తున్నది సొంత మామ.

గుమ్మఘట్ట దగ్గరున్న ఆ ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి నాగలక్ష్మమ్మ పెద్ద. పంట ఇంటికొచ్చే సుగ్గి రోజుల్లో సర్కారు ఇచ్చిన సొమ్ముతో సంఘమే ఊరి రైతుల జొన్నలు కొన్నది. పాత పద్ధతిలో నేలలో పాతర తవ్వించి, వేపాకు పరిచి దాచింది. ఎక్కడో పండిన బియ్యం కోసం లారీల వైపు చూడకుండా, ఇక్కడి గింజ ఇక్కడి రేషన్ కార్డులకే అందాలన్నది ఆమె పట్టుదల. ఈ రోజు జనం తీసుకుంటే పథకం నిలుస్తుంది. లేకపోతే మూటలన్నీ అనంతపురం గోడౌనుకు పోతాయి, వచ్చే సుగ్గికి రైతులు మళ్లీ దళారి గడప తొక్కాలి. అది తేల్చడానికే శశికుమార్ అనే అధికారి జీపులో వచ్చాడు.

పాతర తెరిచిన నాటి నుంచి ఓబన్న నోటికి తాళం లేదు. ఇంటింటికీ పోయి జొన్నలు కంపు కొడుతున్నాయని చెప్పాడు. మామే మెచ్చని గింజలు మనకెందుకని ఊరు వెనకాడింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, పాపం ఆమెకు ఇంట్లోనే గండి పడింది.

“ఏమ్మా, ఒక్కరూ రావడం లేదే?” అన్నాడు శశికుమార్.

“ఎట్ల వస్తారు సారూ?” ఓబన్నే అందుకున్నాడు. “ఈడనే నలుగురి ముందర సంగటి చేయమనండి. నేనే తింటా. తిని ఈడనే ఉమ్మేస్తా!”

ఆ ఉమ్మే వేడుక చూడటానికి ఊరంతా పనులు మానుకుని మరీ వచ్చింది. సంఘంలోని హనుమక్క జొన్నలు తిరగలిలో విసిరింది. నాగలక్ష్మమ్మ ఎసట్లో పోసి తెడ్డు తిప్పింది. ఇన్నాళ్ల కష్టం ఒక్క ఉమ్ముతో పోతుందేమోనని ఆమెకు ఏడుపొచ్చింది.

సంగటి ముద్ద ముందుకు రాగానే ఓబన్న తువ్వాలు విప్పి ఊరిబిండి పచ్చడి పొట్లం తీశాడు.

“తిట్టేదానికొచ్చి ఊరిబిండి తెచ్చుకున్నావేమన్నా?” అంది హనుమక్క.

“ఉత్త కంపు గొంతు దిగుతుందా?”

ఒక ముద్ద మింగాడు. రెండోది మింగాడు. జనం మెడలు చాచి చూశారు.

“ఏమప్పా ఓబన్నా, ఇంగా ఉమ్మవేం?” అని గుంపులోంచి కేకేశాడు కుళ్లాయప్ప.

“ఉండప్పా, తొందరేముండాది?” అంటూ ఓబన్న పళ్లెం కోడలి వైపు జరిపాడు. “ఇంగొంచెం పెట్టమ్మా.”

జనం గొల్లున నవ్వారు. ఓబన్న పళ్లెం నాకినంత పని చేసి, చెయ్యి కడుక్కుని లేచాడు. “తెలీక నోరు పారేసుకుంటిని. మా నాయన కాలంలో తిన్న రుచి ఇది! ముందు నా కార్డుకు కొలవండి.”

అంతే, జనం ఎగబడ్డారు. నోటి దురుసు ఓబన్నే ఓడిపోయాడంటే ఇక జొన్నలకు వంక పెట్టేదెవరు? సంచి లేనివాళ్లు తువ్వాళ్లు పరిచారు. పొద్దు వాలేసరికి అరుగు ఖాళీ అయింది.

“వచ్చే సుగ్గికీ మీ సంఘమే కొంటుందమ్మా. ఇక్కడే కొని, ఇక్కడే పంచండి” అని చెప్పి శశికుమార్ జీపెక్కాడు. ఆడవాళ్లు ఈలలు వేశారు. నాగలక్ష్మమ్మకు పట్టరానంత సంతోషం కలిగింది. మామ ఎదుట అందరిముందూ పకపకా నవ్వడం ఆమెకు అదే మొదటిసారి.

ఇంటికి వచ్చాక మాత్రం ఉక్రోషం ఆగలేదు.

“ఊరంతా తిరిగి నా పరువు తీసినావే మామా! ఒక్క ముద్దకే ఎట్ల మారిపోయినావు?”

“యాడ మారినానమ్మా? పాతర తెరిచిన పొద్దే పిడికెడు నమిలి చూసినా. బంగారమట్ల ఉండాయి.”

“మరి ఎందుకు తిట్టినావు?”

ఓబన్న మంచం మీద కాళ్లు చాపుకుని నవ్వాడు.

“ముందు తిట్టకుండానే కోడలి జొన్నల్ని మామ మెచ్చుకుంటే నమ్మేదెవరమ్మా?”