మొదటి పువ్వు పూసేదాకా

కోడలు మళ్లీ నీళ్లు పోస్తోంది.

వంటింటి కిటికీలోంచి అత్తగారు చూస్తూనే ఉంది. వెనక వసారా అంచున పొడవాటి సిమెంటు తొట్టి. అందులో మోకాలెత్తు మొక్కలు, గుబురుగా ఆకులు. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

ఆ గింజలు చల్లింది కొడుకు. “అడవిపువ్వమ్మా. చేమంతికి దూరపు చుట్టం. ఎర్రటి రెక్కలు, పసుపు అంచు. పూస్తే నువ్వే నోరెళ్లబెడతావు చూడు,” అన్నాడు. మొలకలు రాకముందే పోయాడు. పొద్దున బండి మీద పనికి వెళ్లినవాడు సాయంత్రం తిరిగి రాలేదు, అంతే.

అత్తగారికి అప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. పాలు కాస్తుంది, పొంగబోతే మంట తగ్గిస్తుంది, దించుతుంది. ఆ చేతులు తనవేనా అనిపిస్తుంది. కోడలూ అంతే. కళ్లద్దాల షాపులో పనికి వెళుతుంది, వస్తుంది, తింటుంది, పడుకుంటుంది. ఇద్దరి మధ్యా మాటలు “ఉప్పు సరిపోయిందా”, “తలుపు వేశావా” దగ్గరే ఆగిపోతాయి.

ఒకరోజు కూతురు ఫోన్లో పట్టుబట్టింది. “అక్కడ నీకెవరున్నారమ్మా? వదిననైనా తన బతుకు తనను బతకనివ్వు. వచ్చెయ్ మా ఇంటికి.”

కోడలు పక్కనే బట్టలు మడతపెడుతోంది. మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. ఉండమని ఒక్క మాట అంటుందేమోనని అత్తగారు అటు చూసింది. కోడలు తలెత్తలేదు.

“సరేలే. వాడు వేసిన మొక్కలు కదా, మొదటి పువ్వు చూసి బయలుదేరతాను,” అంది అత్తగారు.

“అలాగే అత్తయ్యా,” అంది కోడలు.

మర్నాడే నర్సరీకి వెళ్లి ఎరువు బస్తా మోసుకొచ్చింది. అంతవరకూ ఆ తొట్టి వైపు కన్నెత్తి చూడని మనిషి! ఇక రోజూ అదే పని. పొద్దున చెంబులతో నీళ్లు, సాయంత్రం బియ్యం కడిగిన నీళ్లు, సెలవు దొరికితే ఎరువు. నిద్రలేచి మొహం కడుక్కోకముందే తొట్టి దగ్గర హాజరు.

నన్ను సాగనంపడానికి ఎంత తొందరో, అనుకుంది అత్తగారు. కోపం రాలేదు. కోపానికీ కాస్త ఓపిక కావాలి. ఎక్కడో లోపల చివుక్కుమంది, అంతే. ఈ ఇల్లు వదిలితే కొడుకు రెండోసారి పోయినట్టే. అయినా ఉండనివ్వమని ఏ మొహంతో అడుగుతుంది? కొడుకే లేనప్పుడు కోడలి మీద తనకేం హక్కు?

“ముద్దలు కలిపి పెట్టేలా ఉన్నావే వాటికి,” అంది ఒకసారి, నవ్వించబోయి.

కోడలు నవ్వలేదు. “పెట్టాలి అత్తయ్యా, లేకపోతే ఎలా?” అంటూ చెంబు మళ్లీ నింపింది.

ఆకులు ఏపుగా పెరిగాయి. కూతురు ఫోన్ చేసినప్పుడల్లా “పూసిందా?” అని అడుగుతోంది. లేదంటే, “నువ్వు కావాలనే సాగదీస్తున్నావమ్మా” అని విసుక్కుంటోంది.

చివరికి అత్తగారికే మొహం చెల్లలేదు. పువ్వు వంక పెట్టుకుని ఒకరి మీద పడి తింటున్నట్టుంది. ఎలాగూ పోక తప్పదు. ఆ పువ్వేదో తొందరగా పూస్తే ఆ పిల్లకైనా ఈ చాకిరీ తప్పుతుంది. కోడలు షాపుకు వెళ్లగానే ఒక కొమ్మ తుంచి సంచిలో వేసుకుని నర్సరీకి నడిచింది.

నర్సరీ అతను కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీ అబ్బాయి నా దగ్గరే కొన్నాడమ్మా ఈ గింజలు,” అన్నాడు మెల్లగా. “ఇప్పుడెవరు పెంచుతున్నారు?”

“మా కోడలు. పాపం, ఏ లోటూ చెయ్యడం లేదు బాబూ. నీళ్లు, ఎరువు, ఒక్క పూట తప్పదు. అయినా మొగ్గయినా వెయ్యలేదు. ఏం చేస్తే పూస్తుందో తనకు తెలియదు కాబోలు.”

అతను కొమ్మను బల్ల మీద పెట్టాడు.

“ఆవిడకు తెలుసమ్మా, ఇది ఎండిన నేలలోనే పూసే మొక్క, నీళ్లూ ఎరువూ ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు రాదని నేను చెప్పాకే ఆవిడ ఆ ఎరువు బస్తా అడిగి మరీ తీసుకెళ్లింది,” అన్నాడు.