బుల్లెబ్బాయి పేను

చెరువు గట్టు మీది యంత్రం పేనును రెండుసార్లు చూసింది. కాళ్ళూ కొక్కేలూ చూస్తే మామూలు చేపపేనే. జన్యువులు చదివితే మాత్రం ఎక్కడా లేని జాతి.

“ఇది కొత్తది. దొరికినవాళ్ళే పేరు పెట్టాలి. పేరు లేనిదే మందు తయారవదు,” అంది యంత్రం.

కొల్లేరు చుట్టుపక్కల వారానికో కొత్త జాతి బయటపడుతున్న రోజులవి. రైతులకు పేర్లు వెతుక్కోవడమే పెద్ద తలనొప్పి. ఈ చెరువు రైతు సూర్యచంద్రానికి ఆ బాధ లేదు. తొలి మనవడికి తాత పేరు పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. తనకు పిల్లలు లేరు గనక చనిపోయిన తండ్రి పేరు ఇంకా మిగిలే ఉంది. అదే చెప్పేశాడు.

సాయంత్రానికి డ్రోను మందు డబ్బా దించి వెళ్ళింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో ‘బుల్లెబ్బాయి సంహారి’ అని ఉంది.

సూర్యచంద్రానికి చెయ్యి ఆడలేదు. నీళ్ళలో బొచ్చె చేపలు ఒళ్ళు గట్టుకేసి రుద్దుకుంటున్నాయి. ఆలస్యమైతే ఒక్కటీ దక్కదు.

“నాన్న పేరున్నదాన్ని ఎలా చంపేదే అమ్మా?”

తల్లి మంగతాయారు చెయ్యి చాపింది.

“మీ నాన్నతో నలభయ్యేళ్ళు కాపురం చేశాన్రా. నాకేం మొహమాటం లేదు, ఇలా తే.”

మూత తీసి, చుక్క మిగలకుండా చెరువులో ఒంపేసింది.