ఎర్రదారం మీద విచారణ

ప్లాసిదో కత్తిని నేల మీద పడేశాడు.

"దోషి," అన్నాడు. "పిల్లని వదిలించుకుని ఓడెక్కింది. ఇంకేం మాట్లాడాలి?"

మా చుట్టల కార్ఖానాలో తీర్పు అలాగే ఉంటుంది. ఆకు కోసే కత్తి నేల మీద పడితే పుస్తకంలోని పాత్ర దోషి. కత్తితో బల్ల మీద తడితే నిర్దోషి.

హిలారియో ఎత్తుపీట మీద కూర్చుని పుస్తకం చదువుతాడు. మేం చుట్టలు చుడుతూ వింటాం. శనివారం మధ్యాహ్నం పుస్తకంలోని మనిషిని నిలబెట్టి అడుగుతాం.

సగం మందికి అక్షరం రాదు. అయితే ఏం?

మా దీవిలో, ఈ కాయేయ్ ఊళ్ళో పెద్దిళ్ళ నవలలు అద్దాల బీరువాల్లో ఉంటాయి. ఇక్కడ వాటికి చెమట పడుతుంది.

ఆ శనివారం నిలబడింది ఒక బట్టలుతికే ఆడమనిషి. పాత నవల. పొట్ట గడవక, చంటిపిల్లని దాని పెద్దమ్మ గుమ్మంలో పడుకోబెట్టి, ఆ చిన్ని చేతికి ఎర్రదారం కట్టి, ఓడెక్కి పోతుంది.

"ఆ దారం ఏమిటంటారు?" అన్నాడు హిలారియో.

"దారం దారమే," అన్నాడు ప్లాసిదో. "నువ్వు ప్రతిదానికీ అర్థం పుట్టిస్తావు. మొన్న గొడుగు గొడుగు కాదన్నావు. ఆ రాత్రి మా ఆవిడ గొడుగు చూస్తే నాకు భయమేసింది."

బల్లలన్నీ నవ్వాయి.

"దిష్టికి కట్టిందేమో," అన్నారెవరో.

"దిష్టికైతే నల్లపూస కడతారు," అన్నాడు కిటికీ పక్కన కూర్చునే ముసలాయన. "అది రక్తం. బొడ్డు కోసినా తెగనిది."

"కాదు," అన్నాను నేను. "సరుకు మూటకి గుర్తు కడతారే, అది. ఆకలి మనిషి చేత కన్నబిడ్డని కూడా మూట కట్టిస్తుంది. దోషి ఆమె కాదు. ఆమె బట్టలుతికిన కూలి ఎగ్గొట్టిన తోట యజమాని."

"వచ్చాడండీ నాయకుడు. ఏ పుస్తకమైనా చివరికి యజమానే దోషి," అన్నాడు ప్లాసిదో.

"తప్పేముంది?"

"తప్పు లేదన్నా. విసుగు."

ఇంకో రెండు కత్తులు నేల మీద పడ్డాయి. ముసలాయన బల్ల మీద తట్టాడు. నేను గట్టిగా తట్టాను.

ప్లాసిదో ఊరుకునే రకం కాదు. "ఓడెక్కినోళ్ళందరికీ ఏదో ఒక సాకు ఉంటుందిలే," అన్నాడు.

అన్నాక గుర్తొచ్చింది. నాలిక కరుచుకున్నాడు.

వెనక బల్ల దగ్గర కాసిల్డా తల ఎత్తలేదు.

పెద్ద తుఫానులో కాఫీ తోటలు పోయాక, చెరకు కొట్టడానికి హవాయికి ఓడెక్కిన వాళ్ళలో ఆమె ఒకతె. పాలు మానని కూతుర్ని కొండ మీది ఊళ్ళో, జ్ఞానస్నానంలో పిల్లకి తల్లిగా నిలిచిన జ్ఞానతల్లి దగ్గర వదిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల ఎవరు పిలిచినా వెళ్ళేది, ఈమె పిలిస్తే తప్ప.

ఆ పిల్లే ఎల్విరా. పెద్దదై, ఈమధ్యే మా దగ్గర పనికి చేరింది. ఖాళీగా ఉన్న పీట ఒక్కటే, కాసిల్డా పక్కది.

పక్కపక్కనే కూర్చుంటారు. పొద్దున్నే "బాగున్నారా, దొన్యా కాసిల్డా" అంటుంది ఎల్విరా, వీధిలో ఏ పరాయి పెద్దావిడనైనా దొన్యా అని పలకరించినట్టు. ఇక సాయంత్రం దాకా మాట లేదు.

హిలారియో తెలివైనవాడు. పుస్తకం మూయబోయాడు. "ఇవాళ్టికి చాల్లెండి."

"ఆగండి," అంది ఎల్విరా. "నేనింకా చెప్పలేదు."

కత్తి ఆమె చేతిలో ఉంది. బల్ల అంచు దాటి, గాల్లో.

కాసిల్డా చేతిలో ఆకు చిరిగింది. ఆమె చేతిలో ఆకు చిరగడం అక్కడెవరమూ ఎరగం.

"దారం కట్టిన చోటు మళ్ళీ చదవండి."

హిలారియో పేజీ వెతికాడు.

"‘ముడి వేసి, దారం కింద తన వేలు దూర్చి చూసుకుంది. వేలు పట్టింది.’"

"ఇంకోసారి."

చదివాడు.

"ముడి వదులుగా వేసింది," అంది ఎల్విరా.

"వదులైతే జారిపోదూ?" అన్నాడు ముసలాయన.

"బిగిస్తే కోసుకుపోతుంది, తాతా. పిల్ల పెరుగుతుంది కదా. చెయ్యి లావవుతుంది." కత్తి ఇంకా గాల్లోనే ఉంది. "ఓడ కూతేస్తోంది. ఆలస్యమైతే వెళ్ళిపోతుంది. ఆ తొందరలో కూడా ఆమెకి ఆ ఆలోచన వచ్చింది."

నేను యజమాని సంగతి పక్కన పెట్టి, ఇంకో ఆకు అందుకున్నాను.

"అయితే నిర్దోషా?" మెల్లగా అడిగాడు ప్లాసిదో.

"అలా అనలేదు. వదిలేసి వెళ్ళింది. అదీ పుస్తకంలోనే ఉంది."

తట్టలేదు. పడేయలేదు. కత్తిని బల్ల మీద పెట్టి పక్కకి తిరిగింది.

"మీరెక్కిన ఓడలో చంటిపిల్లలున్నారా?"

కాసిల్డా చిరిగిన ఆకు వంకే చూస్తోంది.

"ఉన్నారు," అంది. "ఎక్కేటప్పుడు."

బయట బండి ఒకటి పోయింది. దాని చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఎల్విరా ఆ చిరిగిన ఆకు తీసి పక్కన పెట్టింది. తన దొంతరలోంచి మంచిది ఒకటి ఆమె ముందు పరిచింది.

"మొదట్నించీ చెప్పు. పని చేస్తూ వింటాను."

హిలారియో పుస్తకం మూసి, ఎత్తుపీట దిగి, తనూ వినడానికి వచ్చి మా బల్ల దగ్గర కూర్చున్నాడు.