రామన్న కాశీకి పోయినాడా?

“మీ ముత్తాత కాశీకి పోనే లేదేమో సార్,” అంది సాయిసుధ, హిందూపురం బస్సు పెనుకొండ దాటగానే.

ఓబుళప్ప కిటికీ వైపు తిరిగాడు. ముత్తాత రామన్న నూరేళ్ళ కిందట రాసిన కాశీయాత్ర పుస్తకం ఆ ఇంట్లో దేవుడి పటంతో సమానం. దీపం పెట్టి అందులో ఒక పుట చదవందే ఓబుళప్ప కాఫీ తాగడు. ఆదివారం పెనుకొండ గ్రంథాలయంలో రామన్న పటం పెడుతున్నారు. ప్రసంగం చెయ్యాల్సింది ధర్మవరం కాలేజీలో తెలుగు చెప్పే ఈ అమ్మాయే. అనుమానం తీరందే మైకు ముట్టనని పొద్దున్నే ఇంటికొచ్చి కూర్చుంది.

ఆమెకు అనుమానం ఊరికే రాలేదు. రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో చంటిబిడ్డకు చీరతో ఉయ్యాల కట్టడం, గంగ ఒడ్డున ఆడవాళ్ళు ఒకరికొకరు చాటు పట్టుకుని తడిబట్టలు మార్చుకోవడం రామన్న కళ్ళకు కట్టినట్టు రాశాడు.

“మగమనిషిని ఆ పెట్టెలోకి ఎవరు రానిస్తారు సార్? ఇంట్లో కూర్చుని అల్లినట్టుండాది.”

పేరు కోసం తవ్వుతోందని ఓబుళప్ప మొదట ఆమెనే అనుమానించాడు. బస్సు దిగేసరికి అనుమానం ముత్తాత మీదికి మళ్ళింది. ఇన్నాళ్ళూ తాను దీపం పెట్టింది అబద్ధానికా?

హిందూపురంలో మేనత్త హనుమంతమ్మకు తొంభై దాటాయి. రామన్నకు మనవరాలు. ఆయన పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఆయన కాశీకి పోయినాడా అని సూటిగా అడగడానికి ఓబుళప్పకు నోరు రాలేదు.

“అత్తా, కాశీకి పోయినోళ్ళు ఇష్టమైన కూరగాయ ఒకటి ఆడనే వదిలేసి వస్తారు గదా. తాత ఏం వదిలినాడు?”

హనుమంతమ్మ బోసినోటితో నవ్వింది.

“ఆయనా? నాలుక కట్టుకునే మనిషేనా? వంకాయ కూర కనబడితే ఇంకో ముద్ద పెట్టమనేటోడు.”

పోనీ పండేమైనా వదిలాడా అంటే అదీ లేదంది. సాయిసుధ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. పటం పని ఆపమని ఈరోజే చెప్పేస్తానన్నాడు ఓబుళప్ప, ఆమె ముఖం చూడకుండా.

“పటంలో తాత ఒక్కడేనా? అవ్వ లేదా?” అని అడిగింది హనుమంతమ్మ.

రాసినాయన పటమే వద్దనుకుంటుంటే ఇక ఆమెదెందుకని విసుక్కున్నాడు ఓబుళప్ప.

“కాశీలో వంకాయ వదిలొచ్చింది ఆమె గదప్పా.”