తెల్లదారం

"సార్, గోడలకు ముందుగాల లప్పం పెట్టాలె."

వామన్‌రావుకు ఒళ్ళు మండింది.

"లంచం పెట్టాలా? ముప్పై రెండేళ్లు సర్కారు నౌకరి చేసిన. తీసుకోలే, ఇయ్యలే. నా ఇంట్ల నన్నే అడుగుతవా?"

"లప్పం సార్, లప్పం. సందుల్ల పూసేది."

భార్య అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వామన్‌రావు కంటే రెండేళ్లు ముందే ఆయన ఎడమ చెవి రిటైరైంది.

రంగులాయన పేరు రాజనర్సు. ఎవరూ పిలవకుండానే వచ్చాడు.

ఆబిడ్స్ వెనక గల్లీలో, వామన్‌రావు డాబా మీదికి క్రేను ఒక రెడీమేడ్ గదిని ఎత్తిపెడుతుంటే కింద నిలబడి చూశాడు. క్రేను వెళ్ళిపోగానే, "రూముకు రంగులేయిస్తరా సార్?" అన్నాడు.

గది పాతదే. ఖైరతాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంట్ కట్టేటప్పుడు వాచ్‌మన్ కోసం పెట్టింది. బయట రేకు, లోపల చెక్క పలకలు.

'డబ్బా' అంటే కూతురు వైశాలికి కోపం. శుక్రవారం నుంచి ఆమె అందులో పసిపిల్లల్ని చూసుకోబోతోంది. కోఠి, నాంపల్లి దుకాణాల్లో పనిచేసే తల్లులు పద్నాలుగు మంది అప్పుడే పేర్లు రాయించారు.

రాజనర్సు మాత్రం రంగు డబ్బా మూత తీయలేదు.

వేళ్లతో ఒక్కో పలకనూ తట్టాడు. అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మే నెల ఎండలో నిండు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు.

మూలన కూలర్ తిరుగుతోంది.

"ఏంది, గోడకు జ్వరం చూస్తున్నవా?" అన్నాడు వామన్‌రావు.

"ఔ సార్. ఈ మూల కాలుతున్నది. ఎండ వేడి ఇట్లుండది. పలక ఇప్పి వైరు చూడాలె."

"రంగులోనివి రంగు చూస్కో. కరెంటోని పని నీకెందుకు?"

రాజనర్సు ఏదో చెప్పబోయాడు. తల దించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కింద ఫ్యాను ఆగింది. వామన్‌రావు నిద్ర కూడా ఆగింది. పైకి వచ్చి చూస్తే, రాజనర్సు మూల పలకకు ఆఖరి స్క్రూ బిగిస్తున్నాడు. పక్కన కటింగ్ ప్లయర్.

"మెయిన్ బంద్ చేసింది నువ్వేనా?"

"ఔ సార్. ఇప్పుడేస్త."

"రంగు వెయ్యమంటే గోడ పీకుతున్నవా? దిగు కిందికి! రేపటి నుంచి రాకు."

"దిగుత సార్. ఈ మూల బోర్డు జోలికి మాత్రం పోకున్రి. జర యాదుంచుకోన్రి."

"నాన్నా, నర్సన్న ఏదో చెప్తున్నడు, విను" అంది వైశాలి.

ఆమె నిలబడింది ఎడమవైపు.

ఇంకొకతను వచ్చి, కూలర్ కిందికి దించి, ఒక్కరోజులో లప్పం, రంగు రెండూ పూర్తి చేశాడు. గులాబీ రంగు. అందరూ బాగుందన్నారు.

శుక్రవారం పొద్దున తల్లులు, పిల్లలు వచ్చారు. అనసూయ బెల్లం పంచింది. వైశాలి కూలర్ పెట్టి మూల స్విచ్చు వేసింది.

తిరగలేదు.

"నేనప్పుడే అనుకున్న!" వామన్‌రావు గొంతు గల్లీ చివరి దాకా వినిపించింది. "రాగితీగ కోసుకపోయిండు! రంగులోడు గాదు వాడు, దొంగ!"

"మనిషి మంచిగనే కనిపించె" అంది అనసూయ.

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి ఎలక్ట్రీషియన్ మల్లేష్‌ను పిలిపించారు. అతను అందరి ముందూ పలక విప్పి, టార్చి వేశాడు.

వైరు ఎక్కడికీ పోలేదు. మధ్యలో తెగి ఉంది. రెండు కొసలకూ కొత్త టేపు. టేపు మీద తెల్లదారం, మూడు ముళ్ళు.

"వైరుకు పెండ్లి చేసిండా ఏంది?" అన్నాడు వామన్‌రావు.

మల్లేష్ నవ్వలేదు. అతన్ని చూసి మిగతావాళ్ళూ నవ్వలేదు.

పలక లోపలి వైపు అరచెయ్యంత మేర బొగ్గయి ఉంది.

"ఇంకో వారం ఈ కూలర్ నడిచుంటే సార్..." మల్లేష్ పిల్లల వైపు చూసి ఆగిపోయాడు.

బొగ్గు పక్కన పెన్సిల్ రాత. వైశాలి పైకే చదివింది.

"గీడ కరెంటు కలపకున్రి. పిల్లలుంటరు."

ఒక తల్లి తన బిడ్డను ఎత్తుకుంది.

"ఎవరు చేసిన్రు ఇది? నిండు చేతుల అంగి తొడుక్కుంటడా? రాజనర్సేనా?" అడిగాడు మల్లేష్.

"నీకెట్ల తెలుసు?" అంది వైశాలి.

"మా ఉస్తాద్ సార్. నాకు పని నేర్పిండు. టేపు మీద దారం కట్టేటోడు పట్నంల ఆయనొక్కడే."

"మరి రంగులెందుకు వేస్తుండు?"

"కరెంటోన్ని ఖరాబైనంకనే పిలుస్తరు. రంగులేసేటోన్ని అయితే ముందుగాలనే గోడ ముట్టనిస్తరు."

వామన్‌రావు కుడిచెవి అటు తిప్పాడు.

"నాలుగేండ్ల కింద గిసొంటి రూమొకటి కాలిపోయింది. వాచ్‌మన్ బిడ్డ లోపలుండె. మా ఉస్తాద్ ఉరికి పోయిండు. చేతులు కాలినయి గని పిల్ల దక్కలే. అప్పటి సంది వైరు కలపనన్నడు. గసొంటి రూము ఏడ కనబడ్డా పిలువకున్నా పోతడు."

"ఎక్కడుంటడు? నేనే పోయి తీసుకొస్త" అన్నాడు వామన్‌రావు. ఆయన గొంతు ఇంత చిన్నదని అనసూయకు ఇన్నాళ్ళూ తెలియదు.

"ఫోన్ లేదు సార్. ఏ రూముకాడున్నడో."

"గింత చేసేటోడు, నాకు నోరు విప్పి ఎందుకు చెప్పలే?"

మల్లేష్ బొగ్గయిన చోటు నుంచి పాత వైరు జాయింటును మెల్లగా బయటికి లాగి, అందరికీ కనిపించేలా వెలుతురులో పట్టుకున్నాడు.

ఈ గది మొదట తయారైన నాడు కట్టిన ఆ జాయింటు మీద, సగం కాలి నల్లబడిన దారం ఉంది, మూడు ముళ్ళతో.